అల్లుళ్ళకు గడ్డి కోసిన అత్త

నిన్న పొద్దున్న తోటలో మందు కొట్టే అతను డ్రమ్ము పక్కన నిలబడి నన్ను అడిగాడు.

"మేడమ్, ఆ చివరి వరస చెట్లకి ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. తీసేమంటారా? ఆ వరస కూడా కొట్టేస్తే ఒక పనైపోద్ది."

మామిడి పూత మీద ఉంది. తేనెమంచు పురుగు పట్టకముందే మందు పడాలి. కాబట్టి అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆగిరిపల్లి రోడ్డులో ఉన్న ఈ తోటను ఈ ఏడే కౌలుకిచ్చాం. కౌలుకు తీసుకున్నాయన రెడ్డిగూడెం మనిషి. ఆ గుడ్డలు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఆయనకీ తెలియదు, ఆయన పంపిన ఈ మనిషికీ తెలియదు. కట్టింది మా మేనత్త. అవి ఆవిడ పాత చీర చింపిన పేలికలు. పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయింది.

"చూద్దాం లెండి" అన్నాను.

అని నాలిక కరుచుకున్నాను. ఆ మాట అత్త ముందు అని ఉంటే నా పని అయిపోయేది. "చూద్దాం ఏంటే? చూడ్డానికి అదేమన్నా సినిమానా? చేద్దాం అను, లేకపోతే చెయ్యనని చెప్పి ఇంటికి పో" అనేది. పెళ్ళిసంబంధాలు అడగడానికి వచ్చినవాళ్ళకీ ఇదే మాట, కాయలు బేరమాడే షావుకార్లకీ ఇదే మాట. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇళ్ళలో ఎవరికీ ఏదీ నాన్చే అదృష్టం లేకపోయింది.

అత్త పొట్టి మనిషి. చీర మీద మావయ్య ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కునేది. మావయ్య పోయాక తోట తనే చూసుకుంది, ఆయన చొక్కాలూ తనే వాడేసింది. కోతల్లో సొన మీద పడకుండా వేసుకుంటున్నానని చెప్పేది. కోతలు లేని కార్తీకమాసంలో కూడా అదే చొక్కా ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. సొనంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను: పచ్చికాయ తొడిమ విరగ్గానే చిమ్మే జిగురుపాలు. ఒంటిమీద పడితే ఎండలో కాలిపోయి మచ్చ పడుతుంది. అత్త గడ్డం మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఉండేది. చిన్నప్పుడు చెట్టు కింద నోరు తెరుచుకుని పైకి చూస్తుంటే పడిందట. ఏదన్నా ఆలోచన వస్తే చూపుడువేలితో ఆ మచ్చ రుద్దుకునేది. అది రుద్దుకోవడం మొదలెడితే చెట్టు మీద కోతగాళ్ళు కూడా మాటలు ఆపేవాళ్ళు. ఎవరికో మూడిందని వాళ్ళకి తెలుసు.

తిట్టేటప్పుడు మాత్రం మహా మర్యాద. ప్రేమ ఉంటే "ఒరే", "ఏమే". కోపం వస్తే "అండీ". "మీరు ఒట్టి గాడిదండీ. దయచేసి నా చెట్టు దిగండి" అని కోతల మేస్త్రీతో అనడం నా చెవులతో విన్నాను. కాయ కోసేటప్పుడు తొడిమ ఉంచాలి, మాటనేటప్పుడు మర్యాద ఉంచాలి అని ఒక నీతి కూడా కల్పించుకుంది. కాయ సంగతిలో ఆ నీతి బాగా పనిచేసింది. మాట సంగతి గాడిద అనిపించుకున్నవాళ్ళు చెప్పాలి.

ఇక జంతువులంటే ఆవిడకు పడదు. తోట ఉన్నవాళ్ళకి మూగజీవాల మీద ప్రేమ పొంగిపొర్లుతుందని ఊహించుకునేవాళ్ళు తోట మొహం చూసి ఉండరు. కాయ కాస్త రంగు తిరిగితే కోతులు, చిలకలు, ఉడతలు. దింపి షెడ్డులో పోస్తే ఎలకలు. అత్త వడిసెల పట్టుకుని తోట చుట్టూ తిరుగుతూనే ఉండేది. అలాంటావిడ ఇంటికి నేను, మా అమ్మాయి చిన్ని కలిసి ఒక ఎండాకాలం రెండు గినీ పిగ్స్‌ని బుట్టలో పెట్టుకుని వెళ్ళాం.

అవి చిన్ని కోరి కోరి విజయవాడలో కొనిపించుకున్నవి. ఒకటి గోధుమరంగు, ఒకటి తెల్లది. రెండూ ఆడవే. ఒంటరిగా ఉంటే దిగులుపడతాయని జంటగా తెచ్చాం. తీరా ఎండలు ముదిరాక తెలిసింది, వీటికి వేడి అస్సలు పడదని. నూజివీడులో మా ఇల్లు డాబా. మధ్యాహ్నం పైకప్పు మీద అప్పడం వేయించుకోవచ్చు. అత్తది తోటలో పెంకుటిల్లు, చుట్టూ చెట్లనీడ. ఎలాగూ కోతలప్పుడు సెలవులకి మేము అక్కడే ఉంటాం. అందుకని తీసుకెళ్ళాం.

"ఏంటే ఇవి?" అంది అత్త బుట్టలోకి వంగి.

"గినీ పిగ్స్ అత్తా."

"పిగ్గంటే పందేగా?"

"పేరుకే. పంది కాదు."

"తోక లేదు. చెవులు చూస్తే కుందేలూ కాదు. ఎలకలకి పెద్దన్నయ్యల్లా ఉన్నాయి. నేనిక్కడ ఎలకల్ని చంపలేక చస్తుంటే నువ్వు బుట్టలో పెట్టి తెచ్చావా?"

చిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్త మచ్చ రుద్దుకుంది. నేను భయపడ్డాను.

"ఏడవకే. నా ఇంట ఉన్నన్నాళ్ళూ వీటికేం కాదు. మాటిస్తున్నా" అంది. "కానీ నేను మాత్రం ముట్టుకోను."

ఆ రెండు మాటల్లో రెండోది వారం కూడా నిలవలేదు. మొదటిది నిలబెట్టుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"ఏం తింటాయి?" అని విచారణ మొదలుపెట్టింది.

"గడ్డి. రోజంతా నములుతూనే ఉండాలి. లేకపోతే పళ్ళు పెరిగిపోయి నోరు మూతపడదు."

"ఇంకా?"

"కొత్తిమీరో, ఇంకేదన్నా ఆకో. రోజూ చిన్న జామకాయ ముక్క, లేకపోతే క్యాప్సికమ్. సి విటమిన్ వాటి ఒంట్లో తయారవదు, మనమే పెట్టాలి."

"అన్నం?"

"పెట్టకూడదత్తా."

"పెరుగన్నం కూడానా?"

"ఏ అన్నమూ పెట్టకూడదు. మామిడిపండు కూడా ఎప్పుడన్నా చిటికెడంతే. తీపి ఎక్కువైతే కడుపు పాడవుద్ది."

నూజివీడు చిన్నరసం వద్దనేవాళ్ళు ఈ భూమ్మీద ఉంటారని అత్తకు ఆ రోజే తెలిసింది. కాసేపు తలుపుకి ఆనుకుని నిలబడింది. "పనీపాటా లేదు. పొద్దస్తమానం తినాలి. పెట్టింది నచ్చదు, పెట్టంది కావాలి, ఆలస్యమైతే అరుపులు. అల్లుళ్ళేనే ఇవి" అంది.

"ఆడవి అమ్మమ్మా" అంది చిన్ని.

"తిండి దగ్గర పంతం చూస్తే తెలియట్లా? అల్లుళ్ళే."

అంతే, అవి అల్లుళ్ళయిపోయాయి. కోపంలో మాత్రమే పలికే ఆ "అండీ" వాటికి మొదటిరోజే దక్కింది. "ఏవండీ, నిన్నటి కొత్తిమీర పనికిరాదా?" అని కసురుతూనే పెరట్లోంచి లేత కట్ట తెచ్చి వేసేది. కాయలు మోసే వెదురు గంప బోర్లించి పక్కన కన్నం కోయించింది, భయమేస్తే దూరడానికి. పాతకుండకి తడిగుడ్డ చుట్టి మూలన పడుకోబెట్టింది. అల్లుళ్ళు దాని కడుపుకి వీపులానించి మధ్యాహ్నమంతా పడుకునేవాళ్ళు. కిటికీకి గోనెపట్టా కట్టి గంటకోసారి తడిపేది. చిన్ని వాటిని ఒంటిచేత్తో నడుం పట్టుకుని ఎత్తబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "రసం పండు పట్టుకున్నట్టు పట్టుకోవాలే. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనకాల కింద. పండుని నొక్కామంటే పైకి బానే ఉంటది, లోపల చెడిపోద్ది" అంది. ముట్టుకోనన్న మనిషి ఇదంతా ఎప్పుడు నేర్చుకుందో నేను చూడలేదు.

అత్తకి ఒక మోపెడ్ ఉండేది. తోటలో ఏ మూలకెళ్ళాలన్నా దానిమీదే. అది ఇంటివైపు తిరిగే చప్పుడు మాకు వినపడకముందే అల్లుళ్ళకి వినపడేది. ఇద్దరూ ముందుకాళ్ళు పంజరం జాలీ మీద పెట్టి కూ... కూ... అని సన్నగా ఈలలు మొదలుపెట్టేవాళ్ళు. ఆవిడ హ్యాండిల్‌కి గడ్డిమోపు వేలాడుతూ ఉంటుందని వాటికి తెలుసు. "వచ్చేశానండీ, ఎందుకా కంగారు?" అని వాకిట్లోంచే అరుస్తూ వచ్చేది. ఆ మాటలో కోపం వెతికితే నాకు దొరికేది కాదు.

కోతలు జోరుమీదున్న రోజుల్లో జరిగింది అసలు సంగతి. నేను పంజరంలో పాతచీర ముక్కలు పరిచి రోజూ మార్చి ఉతికేదాన్ని. అత్తకి అది నచ్చలేదు. "గడ్డి మీద పడుకునే ప్రాణిని గుడ్డ మీద పడుకోబెడతావేంటే" అని నేను స్నానానికెళ్ళినప్పుడు గుడ్డలు తీసేసి మెత్తగా వరిగడ్డి పరిచింది. ఆ గడ్డి ఉంగుటూరు నుంచి ట్రాక్టరు మీద వచ్చింది, కాయలకి వెయ్యడానికి. కోసిన కాయల్ని షెడ్డులో తొడిమ తుంచి ఆ గడ్డి మీద బోర్లిస్తారు, సొన కారిపోయేందుకు. కాయలు ఎత్తేశాక కింద మిగిలిన గడ్డి ఎండి, నలిగి, చూడ్డానికి ఎంతో మెత్తగా ఉంటుంది. పారెయ్యడానికి ఏ ఇల్లాలికీ చెయ్యి రాదు. అత్త ఆ గడ్డే తెచ్చి వేసింది.

మర్నాడు మధ్యాహ్నం మోపెడ్ చప్పుడుకి ఒకే ఈల వచ్చింది.

తెల్లది లేచి నిలబడి అరుస్తోంది. గోధుమరంగుది మూలన వెంట్రుకలు నిక్కబొడుచుకుని ముద్దలా కూర్చుంది. జామముక్క పెడితే మొహం తిప్పేసింది. అత్త దాన్ని ఎత్తి వెల్లకిలా తిప్పింది. గినీ పిగ్ అరికాళ్ళకి వెంట్రుకలుండవు, పసిపిల్లల అరచేతుల్లా ఉంటాయి. నాలుగూ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పెదవి పక్కన పుండు.

నేను విజయవాడ డాక్టరుగారికి వీడియోకాల్ చేశాను. ఆయన చూసి, "పొద్దుట్నుంచీ తినలేదా? అయితే ఆలస్యం చెయ్యకండి. వీటి కడుపు ఎప్పుడూ ఆడుతూనే ఉండాలి, ఆగితే ప్రాణం మీదకొస్తుంది. ఈ ఎండలో మాత్రం బయల్దేరకండి, దారిలోనే పోతుంది. రేపు తెల్లారకముందే తీసుకురండి. ఈలోగా గడ్డిపొడి నీళ్ళలో నానబెట్టి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెం పట్టిస్తూ ఉండండి" అన్నారు. చివర్లో, "ఏదో ఒంటికి తగిలి కాలినట్టుంది. ఏం పరిచారు కింద?" అని అడిగారు.

అత్త పిడికెడు గడ్డి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. సొన వాసన ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? వేలు గడ్డం మీది మచ్చకి వెళ్ళింది. ఈసారి రుద్దుకోలేదు, అక్కడే ఆగిపోయింది.

"నేనే చేశానే" అంది. "చిన్నప్పట్నుంచీ మొహాన మోస్తూ కూడా మర్చిపోయా. మాటిచ్చి నేనే చేశా."

నాకు కోపం రాలేదు, భయం వేసింది. అత్త గొంతు అలా వణకడం మావయ్య పోయినప్పుడు కూడా వినలేదు. చిన్ని ఒక పక్క వెక్కుతోంది. బయట గేటు దగ్గర లారీ ఉంది, చెట్ల మీద కోతగాళ్ళున్నారు, మేస్త్రీ వాకిట్లోకి వచ్చి పిలుస్తున్నాడు. అత్త దగ్గర లేకుండా ఆ తోటలో ఒక్క కాయ తెగిన రోజు లేదు.

"మీరు కోసుకోండి. తొడిమ ఉంచి కొయ్యండి. నేను రాను" అంది కిటికీలోంచి.

మేస్త్రీ, "ఇంట్లో ఎవరికన్నా బాలేదా అండీ?" అని మెల్లిగా అడిగాడు.

"మా అల్లుడికి" అంది అత్త, నవ్వకుండా.

సొన గడ్డి మొత్తం ఎత్తి బయట పారేయించింది. గోరువెచ్చని నీళ్ళతో రెండింటి కాళ్ళూ కడిగి, ఉతికిన గుడ్డ పరిచింది. ఎండుగడ్డి నేను మిక్సీలో వేసి పొడిచేసి, జల్లించి, నానబెట్టి ఇచ్చాను. చిన్ని జామపండు చిదిమింది. అత్త గోధుమరంగుదాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నోటి పక్కనుంచి సిరంజి పెట్టి ఒక్కో చుక్కా వదలడం మొదలుపెట్టింది. అది ఉమ్మేసింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ ఉమ్మేసింది. మావయ్య చొక్కా ముందంతా ఆకుపచ్చ మరకలయ్యాయి.

"అలిగారా అండీ? అలగండి. తప్పు నాది, మీరు అలగొచ్చు" అని దానితోనే మాట్లాడుతోంది. "అలకపాన్పు ఎక్కిన అల్లుడు ఏం అడిగితే అది ఇవ్వాలి. ఏం కావాలో చెప్పండి. చెప్పరా? అయితే నోరు తెరవండి. తినిపించాకే లేస్తా. నా సంగతి మీకు తెలియదు."

నేను చాలాసార్లు ఆశ వదిలేసుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. ఒక్కసారి మాత్రం, "చూద్దాం అత్తా, దేవుడున్నాడు" అన్నాను. తలెత్తకుండానే, "దేవుణ్ణి ఆయన పని చేసుకోనివ్వు. నువ్వెళ్ళి ఇంకాస్త పొడి చెయ్యి" అంది. వెళ్ళి చేశాను. ఎండ దిగే వేళకి అది ఉమ్మడం మానేసి, ఇష్టం లేకుండానే, దవడలు ఆడించింది. అత్త ఊపిరి కూడా తీయకుండా ఆ దవడల్నే చూస్తూ కూర్చుంది.

తెల్లారకముందే కారు పిలిపించుకుని, తడిగుడ్డ కప్పిన బుట్ట ఒళ్ళో పెట్టుకుని విజయవాడ వెళ్ళింది. డాక్టరుగారు కాళ్ళకి మందు, నొప్పికి చుక్కలు, సి విటమిన్ ఇచ్చి, "తిండి మానకుండా చూడగలిగితే బతుకుతుంది" అన్నారట. చూడగలగడమేంటి, ఆ కోతలన్నీ అత్త ఒళ్ళోనే గడిచాయి. కాయలు దింపడం, తూకాలు, లారీలు అన్నీ మేస్త్రీయే చూసుకున్నాడు. తొడిమలు విరిచాడు కూడా. అత్త ఒక్క "అండీ" కూడా అనలేదు.

ఒకరోజు ఆవిడ మోపెడ్ మీద తోటలోకి వెళ్ళి తిరిగొస్తుంటే నేను వంటింట్లో ఉన్నాను. ముందు తెల్లది ఈల వేసింది. కాసేపటికి రెండోది, బొంగురుగా, సగం సగం ఈల. వాకిట్లో మోపెడ్ స్టాండు వేసిన చప్పుడు వినపడలేదు. బయటికెళ్ళి చూస్తే బండి ఒక పక్కకి పడి ఉంది. అత్త గడ్డిమోపు గుండెలకి అదుముకుని మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. నేను పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. లోపల ఇద్దరూ గడ్డి ఇంకా రాలేదేమని గోలగోల.

ఎండలు పోయాక పంజరం తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. "మీ డాబా ఇంట్లో ఉడకబెడతారా? ఇక్కడే ఉంటాయి. మీరే రండి" అంది. ఆ ఏడు పూతకాలంలోనే ఎర్రచీర చింపి చివరి వరస చెట్లకి కట్టింది. "సొన సంగతి మర్చిపోయి ఒకసారి చేశా. ఈసారి మందు సంగతి మర్చిపోతా. పైన చెట్టుకి కొడితే కింద గడ్డిమీద పడదా? ఈ వరసకి మందు లేదు. అల్లుళ్ళ గడ్డి ఇక్కడే కొయ్యాలి" అని అందరికీ చెప్పింది. ఆ వరసలో కాయకి మచ్చలు పడ్డాయి. షావుకారు ఏరి పక్కన పడేస్తే, "మచ్చ ఉంటే ఏంటండీ? నాకు లేదా మచ్చ?" అని గడ్డం చూపించింది. ఆ కాయలు మా ఇళ్ళకే పంచింది. పక్క వరస కాయలకన్నా తియ్యగా ఉన్నాయని మేమందరం ఒట్టేసి చెప్పేవాళ్ళం. నిజానికి ఒకేలా ఉండేవి.

ఆస్పత్రిలో చివరిసారి మాట్లాడినప్పుడు ఆవిడకి ఆయాసం. తోట గురించి అడుగుతుందనుకున్నాను. పొలం, నగలు, కర్మకాండ, ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. నన్ను దగ్గరికి రమ్మని, "గడ్డి ఎక్కడ కోశావు?" అంది.

"ఎర్రగుడ్డల వరసలోనే అత్తా."

"ఆఁ" అంది. కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు పంజరం నూజివీడులో మా ఇంట్లో ఉంది. చల్లని గది, కుండ, గంప, గోనెపట్టా అన్నీ అలాగే అమర్చాం. నేను పాఠాలు చెప్పే ఆగిరిపల్లి బడికి అత్త మోపెడ్ మీదే వెళ్తున్నాను. తోట దారిలోనే కాబట్టి వచ్చేటప్పుడు గడ్డి కోసుకొస్తాను. బండి నాకు సరిగ్గా రాదు. గుంటలన్నీ వెతుక్కుని మరీ పడుతుంది.

నిన్న మందు కొట్టే అతనికి "చూద్దాం" అన్నాక గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. అతను అప్పటికే మొదటి చెట్టు గుడ్డ ముడి విప్పుతున్నాడు.

"ఏవండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అది వదిలెయ్యండి. ఆ వరసకి మందు లేదు. ఈ ఏడూ లేదు, వచ్చే ఏడూ లేదు. మీ కౌలుదారుగారికి నేను చెప్పుకుంటాను."

"కాయ మచ్చలొచ్చుద్దండీ."

"రానివ్వండి. మేమే తింటాం."

అతను నన్ను ఎగాదిగా చూసి ముడి మళ్ళీ వేశాడు. వదులుగా ఉందని నేను ఇంకోసారి బిగించాను. ఆ వరస కిందే గడ్డి కోసి మోపు హ్యాండిల్‌కి తగిలించుకుని ఇంటికొచ్చాను.

బండి మా సందు మలుపు తిరిగిందో లేదో, లోపల ఈలలు మొదలయ్యాయి. రెండూ. ముసలివైపోయాయి, అయినా ఆ చప్పుడు మర్చిపోలేదు. ఆ అరుపు నాకోసం కాదని నాకు తెలుసు. రోజూ అనుకుంటాను, ఈపాటికి కనిపెట్టేసి ఉంటాయని, ఒకరోజు చప్పుడు విని ఊరుకుంటాయని. ఇంకా ఊరుకోలేదు. అత్త కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ లోకంలో నేను కాక ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఇచ్చిన మాట పూచీ నాది.

గడ్డిమోపు చంకన పెట్టుకుని వాకిట్లోంచే అరిచాను.

"వచ్చేశానండీ, ఎందుకా కంగారు?"